నాన్న పరగడుపు

మా నాన్న ఖిదిర్‌పూర్ రేవులో క్రేన్ డ్రైవరు. ఆ సంగతి ఎవరికి చెప్పినా 'క్రేన్ నడుపుతాను' అనేవాడు కాదు, 'పైన కూచుంటాను' అనేవాడు. శ్రీకాకుళం పక్కన సముద్రపుటొడ్డు ఊరి నుంచి మూటలు మొయ్యడానికి వచ్చి, పదిహేనేళ్ళు ఆ క్రేన్లని కింద నుంచి చూసి, చివరికి ఇనుప నిచ్చెన ఎక్కి ఆ గదిలో కూచున్న మనిషి. అందుకని ఆ మాటలో కాస్త అతిశయం ఉండేది. పై నుంచి గంగ కనిపిస్తుందనీ, వాట్‌గంజ్‌లో మా క్వార్టర్ల డాబా మీద అమ్మ ఆరేసిన చీరలు కూడా కనిపిస్తాయనీ చెప్పేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, 'ఇయ్యాల పచ్చ సీర ఆరేసినావు' అనేవాడు. దణ్ణెం మీద ఉన్న పచ్చ చీర గుమ్మంలోంచే కనిపిస్తోందని అమ్మ ఎత్తిపొడిచేది. నేను నవ్వేదాన్ని. నాన్న చెప్పింది నమ్మకపోవడం మా ఇంట్లో పైసా ఖర్చులేని కాలక్షేపం.

ఒక వేసవిలో ఆ నిచ్చెన సగంలో ఆయనకి కళ్ళు తిరిగాయి. పడలేదు, మెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. కింద ఉన్నవాళ్ళు చూశారు కాబట్టి మెడికల్‌కి పంపించారు. రక్తం తీస్తే పరగడుపున షుగరు రెండు వందల పైన, తిన్నాక మూడు వందలు దాటి ఉంది. మూడు నెలల్లో షుగరన్నా దిగాలి, లేకపోతే నువ్వన్నా దిగాలి అని అక్కడి డాక్టరు తేల్చి చెప్పాడట. ఆ మూడు నెలలకీ నాన్నకి గోడౌను తలుపు దగ్గర ఒక స్టూలు వేశారు. వచ్చేపోయే లారీలకి తలుపు తియ్యడం, వెయ్యడం ఆయన పని. ఆ రోజు నుంచి సాయంత్రాలు చీరల మాట ఎత్తడం మానేశాడు.

మందుల జోలికి పోకుండా ముందు తిండితో ప్రయత్నిద్దామన్నది ఖిదిర్‌పూర్ మోడ్ అనే కూడలి దగ్గర కూచునే మా ముసలి డాక్టర్‌బాబు. బెంగాలీ ఆయన, మా ఇంటిల్లిపాదికీ జ్వరాలు చూసినవాడు. అన్నం, అటుకులు, ఇక్కడివాళ్ళు మూడీ అనే మరమరాలు, రొట్టె, ఆలుగడ్డ, ఇవన్నీ కడుపులోకి వెళ్ళాక పంచదారే అవుతాయని ఓపిగ్గా చెప్పాడు. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం తప్ప ఇంకెప్పుడూ ముట్టకూడదట. చేపలు, గుడ్లు, ఆకుకూరలు, బీన్సు, బీరకాయలు ఎంతైనా తినొచ్చట. రెండు పూటలా అన్నం తినే దేశంలో పుట్టిన మనిషి, రెండు పూటలా అన్నం తినే ఇంకో దేశం మనిషితో ఈ మాట చెప్పడం. చెప్తున్నంతసేపూ ఆయన బల్ల కింద టిఫిన్ క్యారియర్‌లోంచి అన్నమూ చేపల పులుసూ ఘుమఘుమలాడుతూనే ఉన్నాయి.

ఈ ఊళ్ళో ఆలుగడ్డ మానడం అంటే మాటలు కాదు. ఇక్కడ ఆలుగడ్డ చేపల్లో ఉంటుంది, కోడికూరలో ఉంటుంది, ఆఖరికి బిర్యానీలో కూడా ముక్కల మధ్య పెద్దమనిషిలా కూచుని ఉంటుంది. అమ్మకి వచ్చిన చిక్కు మాత్రం వేరు. 'అన్నం ఒద్దంటే మరేటి ఒండాలి ఈ మనిషికి?' అని పొయ్యి ముందు చతికిలబడింది. తన వంట మానెయ్యమన్నట్టే తీసుకుంది ఆవిడ.

ఇంక నేను రంగంలోకి దిగాను. బీయే ప్యాసై, నాలుగిళ్ళలో ట్యూషన్లు చెప్పుకుంటూ, పెళ్ళి మాటెత్తితే కసురుకుంటూ ఉన్న రోజులు. ఎవరినైనా దిద్దడమంటే నాకు అప్పటికే చెయ్యి తిరిగింది. డాక్టర్‌బాబు బెంగాలీలో రాసిచ్చిన చీటీని, అమ్మ చదువుకోవాలని, నా కోడిగీకుల తెలుగులోకి మార్చి వంటింటి గోడకి అతికించాను. బయట ఏ గోడ చూసినా, ఏ ఊరేగింపు పోయినా 'చల్బే నా, చల్బే నా' అన్న కేకలే ఆ రోజుల్లో. కుదరదు, సాగనివ్వం అని. నాన్న కూడా యూనియన్ జెండా పట్టుకుని రేవు గేటు ముందు గొంతు పోయేలా అరిచి వచ్చేవాడు. మా ఇంట్లో ఆ అరుపు నాది. ఆయన చెయ్యి మూడీ డబ్బా వైపు సాగితే చల్బే నా. కూరలో ఆలుగడ్డ ముక్క తేలితే చల్బే నా. గేటు దగ్గర అంత గొంతున్న మనిషి ఇంట్లో మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, 'సరేలేమ్మా' అనేవాడు.

మొదటి పది రోజులూ ముగ్గురికీ నరకం. ఆయనకి తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం, ఊరికే విసుగు. పక్కింటి రేడియో మీద కోపం, ఎండ మీద కోపం, బీరకాయ మీద మరీ కోపం. కలలో కూడా అన్నమే కనిపిస్తోందని ఒక పొద్దున అమ్మతో చెప్పుకుంటే విన్నాను. ఒంటికి అలవాటయ్యేదాకా అంతే, నీళ్ళు బాగా తాగమను, కాస్త ఉప్పు తగలనీ అన్నాడు డాక్టర్‌బాబు. పన్నెండో రోజుకో ఏమో ఆ తలనొప్పి వచ్చినట్టే పోయింది. ఇరవయ్యో రోజుకి బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. అరికాళ్ళ మంటలు తగ్గాయి. మధ్యాహ్నం భోంచేశాక ముంచుకొచ్చే మత్తు పోయిందన్నాడు. గోడ అవతలివాళ్ళకి కూడా వినిపించే ఆయన గురక ఆగిపోయేసరికి, బతికే ఉన్నాడా అని అమ్మ రెండుసార్లు లేచి చూసిందట. నేను గోడ మీది కాగితం వైపు గర్వంగా చూసుకునేదాన్ని.

నెల తిరిగాక రక్తపరీక్ష. ల్యాబు మోడ్ దాటాక రెండో సందులో. పొద్దున్నే పరగడుపున వెళ్ళాలి, నీళ్ళు తాగొచ్చు, ఇంకేమీ ముట్టకూడదు. ఆ మాట నేనే అమ్మకీ నాన్నకీ నాలుగుసార్లు వల్లె వేయించాను. ఒకసారి రక్తం ఇచ్చి, ఇంటి నుంచి తీసుకెళ్ళిన రెండు గుడ్లూ బీన్సు కూరా తిని, రెండు గంటలు ఆగి మళ్ళీ ఇవ్వాలి. సాయంత్రం కాగితం వచ్చింది. రక్తంలో కొవ్వు సగానికి సగం పడిపోయిందని డాక్టర్‌బాబు ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టాడు. తిన్నాక షుగరు నూట నలభై లోపల ఉంది. పరగడుపున మాత్రం నూట ఎనభై ఆరు.

డాక్టర్‌బాబు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తినకముందు ఎక్కువ, తిన్నాక తక్కువ. అంతా తలకిందులు. ఈ మనిషికి తింటే షుగరు తగ్గుతోందే అని నవ్వాడు. గొట్టాలు తారుమారయ్యాయేమోనని ల్యాబుకి కబురు పంపితే, తారుమారు కాలేదని వాళ్ళు ఒట్టేశారు. కొందరికి తెల్లవారుజామున ఒళ్ళే షుగరు పెంచుకుంటుంది, ఇంకో నెల చూద్దామన్నాడు.

ఒళ్ళు పెంచుకోవడమేమిటి, నోరే పెంచుకుంటోందని నాకు ఆ క్షణంలోనే రూఢి అయింది. మా ఇంటికీ ల్యాబుకీ మధ్య కచోరీ కొట్లు మూడున్నాయి. పొద్దున్నే వేడి నూనె వాసనకి, నెల రోజులుగా అన్నం కలలు కంటున్న మనిషి కాళ్ళు ఆగవా? ఇంటికొచ్చి నిలదీస్తే, 'నానేటీ తిననేదు' అన్నాడు. తలుపు దగ్గర కూచుని కాళ్ళు ఒత్తుకున్నాడు. నాకది తేలు కుట్టిన దొంగ వాలకంలా తోచింది.

ఆ నెలంతా నేను చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ సిగ్గూ రెండూ వస్తాయి. ఉతకడానికి వేసిన ఖాకీ చొక్కా జేబులు తిరగేసి మూడీ గింజలు వెతికాను. ఆయన చేతులు కడుక్కునేలోపు దగ్గరికెళ్ళి వాసన చూశాను. మూడు కచోరీ కొట్లకీ వెళ్ళి, మా నాన్న ఇక్కడికి వస్తున్నాడా అని అడిగాను. మొదటి కొట్టతను, దాదా రావడం మానేశాడు, ఒంట్లో బాగాలేదా అని ఎదురడిగాడు. రెండో అతనూ ఆ మాటే అన్నాడు. మూడో అతను దాదాకి ఇవ్వమని నా చేతిలో ఉత్తి పుణ్యానికి ఒక జిలేబీ పెట్టాడు. ముగ్గురూ ఒక్క మాట మీద ఉన్నారంటే ముగ్గురినీ నాన్నే కూడగట్టుకున్నాడని తేల్చుకున్నాను. యూనియన్ మనిషి కదా. ఆ జిలేబీ నేనే తిన్నాను.

ఇంత కాపలా కాసిన నేను చూడని గంట ఒకటుంది. రాత్రి పన్నెండు దాకా నవలలు చదివి, పొద్దున్న ఏడింటి దాకా పడుకునేదాన్ని. అమ్మ నాలుగున్నరకే లేచి అన్నం వండి వార్చేది. నాన్న అయిదున్నరకి గుమ్మం దిగేవాడు. పరీక్ష రోజుల్లో కూడా అదే వేళకి లేచి, తయారై, నింపాదిగా ల్యాబుకి నడిచేవాడు. ఆ గంటలో ఏం జరుగుతుందో నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు కాబట్టి, ఎప్పుడూ చూడాలనిపించలేదు.

రెండో నెల కాగితం కూడా తలకిందులే వచ్చింది. తిన్నాక ఇంకా తగ్గింది, పరగడుపున అలాగే ఉంది. చేతిలో ఒక్క నెలే మిగిలింది. ఈసారి నాన్నతో నేను కూడా డాక్టర్‌బాబు దగ్గరికి వెళ్ళాను. పచ్చ పరదా అవతల బెంచీ నిండా రోగులు. ఆయన కాగితం చూసి, ఇలా అయితే మాత్రలు మొదలెట్టాలి, రేవు వాళ్ళకి నేను వేరేగా రాసివ్వలేను అన్నాడు. నాన్న తల వంచుకున్నాడు. నాకు దుఃఖమో కోపమో తెలియలేదు గానీ నోట్లోంచి వచ్చింది మాత్రం కోపమే.

"డాక్టర్‌బాబూ, మా నాన్న మీతో అబద్ధం చెప్తున్నాడు," అన్నాను బెంగాలీలో. "దారిలో దొంగతనంగా తిని వస్తున్నాడు."

పరదా అవతల మాటలు ఆగిపోయాయి. నాన్న నా వైపు తిరిగి, మన భాషలో, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

"నానేటీ తిననేదమ్మా."

గేటు ముందు వందమందికి వినపడే గొంతు అది. అంత చిన్నగా పలకగలదని నాకు తెలియదు.

డాక్టర్‌బాబు నన్ను కూచోమని, లేచిన దగ్గర నుంచి ల్యాబు దాకా ఏం చేశావో ఒక్కొక్కటీ చెప్పమని నాన్నని అడిగాడు. నాన్న తన వచ్చీరాని బెంగాలీలో లెక్కగా చెప్పుకొచ్చాడు. లేచాను, పళ్ళు తోముకున్నాను, స్నానం చేశాను, గంజి తాగాను, చెప్పులు వేసుకున్నాను. గంజి అంటే ఏమిటో డాక్టర్‌బాబుకి అర్థం కాలేదు. నాన్న నా వైపు చూశాడు. ఆ మాటని బెంగాలీలోకి మార్చి చెప్పవలసింది నేనే.

"ఫేన్, డాక్టర్‌బాబూ," అన్నాను. "అంటే నీళ్ళే."

నిజంగా నీళ్ళే అనుకుని అన్నాను. మా ఇళ్ళలో గంజిని తిండి కింద ఎవరూ జమ కట్టరు. అన్నం వార్చగా వచ్చిన నీళ్ళు, ఉప్పు రాయి వేసి చెంబుతో తాగుతారు, మిగిలింది చొక్కాలకి పెడతారు. ఖాళీ కడుపుతో మనిషిని గుమ్మం దాటనివ్వకూడదన్నది మా అమ్మమ్మ నాటి కట్టుబాటు. తాగింది గంజి అయినా సరే, ఆ కట్టుబాటు తీరినట్టే. అన్నం ఎలాగూ మానిపించారు, గంజైనా పోద్దామని అమ్మ ఆ రెండు నెలలూ ఇంకాస్త చిక్కగా వార్చి ఇచ్చిందని తర్వాత తెలిసింది.

డాక్టర్‌బాబు ఎంత అని అడిగాడు. నాన్న రెండు చేతులతో చెంబు సైజు చూపించాడు. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"నా చిన్నప్పుడు కరువొస్తే ఈ ఊళ్ళో జనం మా గుమ్మం ముందు నిలబడి అన్నం అడగలేదు, ఫేన్ పొయ్యమని అడిగారు," అన్నాడు. "అది దొరికినవాళ్ళు ఇంకో రోజు బతికారు. దాన్ని నీళ్ళంటావేమిటమ్మా?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. అప్పుడు నా పరిస్థితి అక్షరాలా అదే. నెల రోజులుగా జేబులు వెతికాను, చేతులు వాసన చూశాను, ఊరంతా విచారణ చేశాను. ఆయన మాత్రం అడిగిందానికి అడిగినట్టు నిజమే చెప్తూ వచ్చాడు. తిన్నావా అని అడిగాను, తినలేదన్నాడు. ఏం తాగావని నేను ఒక్కసారీ అడగలేదు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ మొదట కొట్టిపారేసింది. "గంజికి సుగరేటి? ఖాళీ కడుపుతో పంపుతానేటి మనిషిని?" అని దబాయించి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా చేతులారా ఇచ్చాను అని. నాన్న పక్కన కూచుని, ఏళ్ళ తరబడి ఏ టానిక్కులూ లేకుండా తను క్రేన్ ఎలా ఎక్కాడో ఇన్నాళ్ళకి తెలిసిందనీ, ఆవిడ గంజిలో బలముందని డాక్టర్‌బాబు కాగితం మీద రాసిచ్చాడనీ వేళాకోళమాడి నవ్వించాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. ఆటపట్టించినా బాగుండేది. తిట్టినా బాగుండేది. నాకు చాలా సిగ్గేసింది. క్షమించమని అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, ఆ మాటకి మా ఇంటి భాషలో సరైన పదం కూడా దొరకలేదు. పరదా అవతల బెంచీ మీద కూచున్నవాళ్ళలో ఇద్దరు మా క్వార్టర్లవాళ్ళేనన్న సంగతి రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

మూడో నెల పరీక్ష కాగితం సవ్యంగా వచ్చింది. పరగడుపున నూట తొమ్మిది. తిన్నాక దానికంటే కాస్త ఎక్కువ, మనుషులందరికీ ఉన్నట్టే. రేవు డాక్టరు కూడా మళ్ళీ రక్తం తీసి చూసుకుని సంతకం పెట్టాడు. మర్నాడు నాన్న ఆ నిచ్చెన ఎక్కాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, మధ్యాహ్నం గాలికి అమ్మ నీలం చీర దణ్ణెం మీంచి జారి పక్కవాళ్ళ పిట్టగోడ మీద పడిందనీ, ఎవరో తీసి మళ్ళీ వేశారనీ చెప్పాడు. ఆ చీర నేనే తీసి వేశాను. అమ్మకి కూడా చెప్పలేదు. ఆయన్ని నమ్మకపోవడమన్న ఆ ఆట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆడలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, రిటైరయ్యేదాకా, ఆయన అక్కడే కూచున్నాడు.

కానీ ఆ మూడు నెలల్లోంచి నాకు మిగిలింది కాగితం మీద అంకెలు కాదు, మూడో పరీక్షనాటి పొద్దున. ఆ రోజు నాలుగున్నరకి నేను కూడా లేచాను. అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆయన గుమ్మం దాటేదాకా అన్నం వండనని ముందు రోజే చెప్పింది. ఖాళీ కడుపుతో ఒక మనిషిని పంపడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊరికే గిన్నెలు సర్దుతోంది. నాన్న స్నానం చేసి, చొక్కా వేసుకుని, కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. నా దగ్గరికి వచ్చి చెంబు చాపాడు.

"ఓపాలి నువ్వు సూడు," అన్నాడు. "తాగొచ్చేటి?"

ముఖంలో నవ్వుందో లేదో ఆ మసక వెలుతురులో తెలియలేదు. నేను చెంబు అందుకుని ఒక గుక్క తాగాను.

"నీళ్ళే నాన్నా," అన్నాను.

"నువ్వు సెప్తే నమ్ముతాన్లే," అని చెంబు తీసుకుని, నిలబడే మొత్తం తాగేసి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.